సాక్షి కొవ్వొత్తి

మొన్న మా ఆఫీసు క్యాంటీన్లో ఒకమ్మాయి పుట్టినరోజు చేశారు. కేకు మీద ఒకే ఒక్క కొవ్వొత్తి పెట్టారు, వయసు దాచుకోవడానికి అదొక ఉపాయం. అమ్మాయి ఊదింది, అందరూ చప్పట్లు కొట్టారు, కేకు ఎవరి మొహానికి పూయాలా అన్న హడావిడిలో పడ్డారు. నాకు మాత్రం ఆ వాసన తగిలింది. ఆరిన వత్తి నుంచి తెల్లటి పొగ సన్నగా లేస్తూ, కాస్త నూనెలాగా, కాస్త మాడిన నూలులాగా వచ్చే వాసన. చేతులు ఊరుకోలేదు. అగ్గిపెట్టె అందుకుని, పుల్ల గీసి, వత్తికి రెండంగుళాల పైన ఆ పొగలో పెట్టాను. మంట పొగ వెంట గబుక్కున కిందికి దిగి వత్తికి అంటుకుంది.

"అరే, గిదేం మ్యాజిక్ మేడం! ఎవరు నేర్పిన్రు?" అంది ఆ అమ్మాయి.

"చిక్కడపల్లిలో మా ఇంటి ఓనరు," అన్నాను.

అలా అనేసి వచ్చాను గానీ ఆ జవాబు నాకే నచ్చలేదు. కామేశ్వరి గారిని ఇంటి ఓనరు అనడం, తల్లిని వంటమనిషి అన్నట్టుంది. ఆమెను ఎరగని వాళ్ళకి ఆమె ఎవరో సరిగ్గా చెప్పాలనిపించింది. చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పాలి. సరే, అది దాచుకునే వయసు దాటిపోయింది.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. మాది మహబూబ్‌నగర్ వైపు పల్లె. నాయన తాపీ మేస్త్రి. ఎక్కడ బిల్డింగు లేస్తే అక్కడే రేకుల గుడిసె వేసుకుని, అమ్మతో కలిసి ఉండేవాడు. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, గ్రూప్స్ రాసి ఆఫీసరునవుతానని అశోక్‌నగర్ చేరాను. ఆ రోజుల్లో అశోక్‌నగర్‌లో చెట్టు కదిపితే ముగ్గురు కాబోయే ఆఫీసర్లు రాలేవారు. జిరాక్స్ షాపుల ముందు కరెంట్ అఫైర్స్ కట్టలు, స్టడీ హాళ్ళలో ప్లాస్టిక్ కుర్చీలు, టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తింటూ రాజ్యాంగ సవరణలు అప్పజెప్పుకునే మనుషులు. హాస్టల్లో నలుగురి మధ్య చదువు సాగక, చిక్కడపల్లి సందులో ఒక పాత ఇంటి మీద ఒంటరి గది చూసుకున్నాను. లైబ్రరీకి నాలుగడుగులు. కింద వాటాలో కామేశ్వరి గారు.

ఆవిడ నాన్నగారు ఆంధ్ర రాష్ట్రం, తెలంగాణ కలిసిన కొత్తలో బందరు నుంచి సర్కారు ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారట. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. కోఠిలో ఒక ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు అసిస్టెంటుగా పనిచేసి రిటైరయ్యారు. పొడుగు మనిషి, బిగుతు ముడి, చీరకొంగు ఎప్పుడూ నడుంలో దోపి ఉండేది. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, మూతబడిన ఒక కార్ఖానా నుంచి పాత అచ్చులు తెచ్చి, పెరట్లో రేకుల షెడ్డు వేసి కొవ్వొత్తులు పోయడం మొదలుపెట్టారు. గొట్టాల్లాంటి అల్యూమినియం అచ్చులు, ఒక పెద్ద నీళ్ళ గిన్నె, అందులో మైనం కరిగే గిన్నె, వత్తి దారపు ఉండలు. ఇంతే ఆ కార్ఖానా.

చేరిన వారంలోనే ఒక సాయంత్రం కరెంటు పోయింది. కిందికి దిగి, "మేడం, ఒక కొవ్వొత్తి ఉంటే ఇస్తరా? జర చదువుకునేది ఉంది," అన్నాను.

ఆవిడ ఇచ్చారు. ఇచ్చి, వదల్లేదు. "ఏం చదివావమ్మాయ్?"

"కెమిస్ట్రీ మేడం."

"అయితే చెప్పు. ఇందులో మండుతున్నదేవిటి? వత్తా, మైనవా?"

ఇదేం ప్రశ్న అనుకుని, "వత్తి," అన్నాను.

"మూడేళ్ళు కెమిస్ట్రీ చదివి వత్తి అంటావా! వత్తే మండితే అయిదు నిమిషాల్లో బూడిదయ్యేది కాదూ?" అని కొవ్వొత్తి ఊదేశారు. చీకట్లో పొగ వాసన వచ్చింది. అగ్గిపుల్ల గీసి ఆ పొగలో పెట్టగానే మంట కిందికి దూకింది. "చూశావా? ఆ పొగే మైనం. కరిగి, వత్తిలోంచి పైకి పాకి, ఆవిరై, ఆ ఆవిరి మండుతోంది. వత్తి పని మోసుకెళ్ళడవే." నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, "నోరు ముయ్యి, దోమలు పోతాయి," అన్నారు. ఆ రాత్రి నేను చదవాల్సిన పంచవర్ష ప్రణాళికలు ఒక్కటీ చదవలేదు. పదేపదే ఊదుకుంటూ, వెలిగించుకుంటూ కూర్చున్నాను.

ఆ తర్వాత పొద్దున పూట గంటసేపు షెడ్డులో కూర్చోవడం నాకు అలవాటైంది. మైనం నెమ్మదిగా కరుగుతుంటే ఆవిడ కబుర్లు చెప్పేవారు. చలి దేశాల్లో పూర్వం గొర్రె కొవ్వూ ఎద్దు కొవ్వూ కాచి, వత్తిని అందులో ముంచి ఎత్తి, మళ్ళీ ముంచి, పొరలు పొరలుగా లావు చేసేవారట. ఆ కంపు భరించలేక పోయేవారట, పైగా ఆదమరిస్తే ఎలుకలు తినిపోయేవి. తేనెమైనం కొవ్వొత్తి చర్చీలకూ డబ్బున్న వాళ్ళకూ మాత్రమే దక్కేది. తర్వాత తిమింగలం తల నుంచి తీసిన మైనం వచ్చింది. ఆ తర్వాత రాతినూనె నుంచి ఈ తెల్ల మైనం వచ్చి, బీదవాడికీ గొప్పవాడికీ ఒకటే వెలుగు చేసింది. "అన్నిటికంటే గొప్పది ఈ జడ," అని వత్తిని చూపించేవారు. మూడు పాయల అల్లిక. మునుపు వత్తి నిలువునా నిలబడి, నల్లగా పెరిగి పొగ కక్కేదట. కత్తెర పట్టుకుని గడియకోసారి కొస కత్తిరించాల్సి వచ్చేది. జడ అల్లిన వత్తి కొస వంగి మంట అంచుకు వెళ్ళి, తనను తానే కాల్చేసుకుంటుంది. "ఎవడో గానీ, ఇంట్లో ఆడపిల్ల జడ చూసే కనిపెట్టుంటాడు," అని నవ్వేవారు. పేరులో కొవ్వు ఉందని వాళ్ళమ్మగారు కొవ్వొత్తిని బతికినన్నాళ్ళూ దేవుడి గదిలోకి రానివ్వలేదట. "రాతినూనె అమ్మా, మడికేం భంగం లేదు అంటే, రాయికి నూనెక్కడిదే అనేది," అని చెప్పి మళ్ళీ నవ్వేవారు.

పనిలో మాత్రం నవ్వు ఉండేది కాదు. మైనం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. అచ్చులో పోసినప్పుడు నిండుగా ఉన్నది, గడ్డకట్టేసరికి వత్తి చుట్టూ లోపల బావిలా గుంట పడుతుంది. పైన మాత్రం పలచటి పెచ్చు కట్టి ఏమీ ఎరగనట్టు కనిపిస్తుంది. అందుకని అది ఇంకా గోరువెచ్చగా ఉండగానే, స్వెట్టరు అల్లే సూదితో ఆ పెచ్చు పొడిచి, గుంట తెరిచి, వేడి మైనం మళ్ళీ పోయాలి. దాన్ని రెండో పోత అనేవారు. పెచ్చు పొడవకుండా పైపైన పోస్తే కొవ్వొత్తి చూడ్డానికి నున్నగా, అందంగా ఉంటుంది. లోపల డొల్ల.

అది కంటికి దొరకదు కనుక ఆవిడ ఒక ఆచారం పెట్టుకున్నారు. ప్రతి పోతలోంచీ ఒక కొవ్వొత్తి తీసి, షెడ్డు గట్టు మీద వెలిగించి, అడుగుదాకా కాలేవరకూ కనిపెట్టుకుని ఉండేవారు. దాని పేరు సాక్షి. సాక్షి పూర్తిగా కాలితేనే ఆ పోతలోని మిగతావి గడప దాటేవి. మధ్యలో ఆరితే అన్నీ మళ్ళీ గిన్నెలోకి. "ఇంత లావు కొవ్వొత్తి, పూటంతా కాలుతది. ఊకె కాల్చుడెందుకు మేడం?" అంటే, "ఒకటి తగలేస్తేనే కదా మిగతావాటి గురించి ధైర్యంగా చెప్పగలం," అనేవారు.

ఇన్వర్టర్లు వచ్చాక ఇళ్ళకు కొవ్వొత్తులు అక్కర్లేకపోయినా, ఏటా ఒక్క పెద్ద పని తప్పేది కాదు. నవంబరు మొదట్లో సమాధుల పండుగ. ఆ సాయంత్రం నారాయణగూడలోని సమాధుల తోటలో క్రైస్తవులు తమ వాళ్ళ గోరీలు కడిగి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. తోట బయట ఆవిడ బల్ల వేసుకుని కూర్చునేవారు. సంవత్సరాల తరబడి ఆవిడ దగ్గరే తీసుకునే కుటుంబాలున్నాయి.

ఆ ఏడు వానాకాలంలో నా ప్రిలిమ్స్ ఫలితం వచ్చింది. మూడోసారి పోయింది. నాయన ఫోన్ చేశాడు.

"ఏమైంది బిడ్డా?"

వెనకాల కాంక్రీటు మిక్సరు చప్పుడు. పనివాళ్ళ మాటలు. ఆయన గొంతులో ఎంత ఆశ ఉందంటే, నా నోట్లోంచి, "పాసైన నాయనా. ఇగ మెయిన్స్ రాయాలె," అని వచ్చేసింది. ఆయన అక్కడే అరిచాడు, "మా బిడ్డ పాసైంది రో!" అని. ఫోన్లోనే ఎవరో ఈల వేశారు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ రెండు నెలలు గడిపాను. ఆయన ఫోన్ వస్తే రెండు మాటల్లో ముగించి పెట్టేసేదాన్ని. కామేశ్వరి గారికి మాత్రం ఫెయిలైన సంగతి చెప్పాను. నాయనకు ఏం చెప్పానో చెప్పలేదు.

అక్టోబరు నెలాఖరులో ఆవిడకు కంటి ఆపరేషను అయింది. శుక్లాలు. నల్ల కళ్ళద్దాలు పెట్టి, కొన్నాళ్ళు వేడి దగ్గరికీ మంట దగ్గరికీ వెళ్ళొద్దన్నారు డాక్టరు. పండుగ నెత్తిమీదుంది. ఆవిడ వరండాలో కూర్చుని, "శోభా, ఈసారి పోత నీది. సాక్షి కూడా నువ్వే చూడాలి. నా కళ్ళిప్పుడు నువ్వే," అన్నారు.

నిజానికి నాకు గర్వంగానే అనిపించింది. గర్వంగా మొదలుపెట్టి, మధ్యలో పాడుచేశాను. పోత పోసి అచ్చులు చల్లారుతుండగా నాయన ఫోను. మెయిన్స్ హాల్ టికెట్ ఎప్పుడొస్తదని. ఏవో నాలుగు ముక్కలు అతికించి చెప్పి, గేటు పక్కన అలాగే కూలబడ్డాను. లేచి వచ్చేసరికి అచ్చులు చల్లబడిపోయి పెచ్చు గట్టిపడింది. సూది పెడితే దిగలేదు. పొడవకుండానే పైన వేడి మైనం పోసేశాను. నున్నగా, పాలమీగడలా అమిరాయి. వరుసగా పేర్చి చూసుకుని మురిసిపోయాను కూడా.

మర్నాడు గట్టు మీద సాక్షిని వెలిగించి, పక్కన పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. సగం కాలేసరికి మంట చిన్నబోయింది. చుట్టూ ఉన్న కరిగిన మైనం ఒక్కసారి లోపలికి జారింది, వత్తి పక్కకి ఒరిగి ఆరిపోయింది. గాలి అనుకున్నాను. కాదని నాకు తెలుసు. గాలి అనుకోవడం సుఖంగా ఉంది కాబట్టి అలా అనుకున్నాను. అవన్నీ కరిగించి మళ్ళీ పోయడానికి ఒక్క రోజే ఉంది. ఆ సగం ముక్కని తీసి గిన్నెలో పడేశాను.

సాయంత్రం వరండాలోంచి ఆవిడ అడిగారు. "సాక్షి ఏమంది శోభా?"

"అడుగుదాకా కాలింది మేడం."

"మంచిది," అన్నారు. నల్లద్దాల వెనక ఆవిడ కళ్ళు కనిపించలేదు. అదొక అదృష్టం అనుకున్నాను అప్పుడు.

పండుగ సాయంత్రం సమాధుల తోట చూడ్డానికి రెండు కళ్ళు చాలవు. పొద్దు వాలుతుంటే ఒక్కో గోరీ మీదా ఒక్కో వెలుగు లేస్తూ, బంతిపూల వాసన, అగరొత్తుల వాసన, పాటలు. బల్ల మీద సరుకు సగం పైగా పోయింది. అప్పుడొక ముసలాయన చేతిలో సగం కాలిన కొవ్వొత్తి పట్టుకుని వచ్చాడు. ఏటా వచ్చే మనిషి. భార్య గోరీ మీద ఒక్కటే పెడతాడు, అది కాలేదాకా పక్కన కూర్చుని ఇంటికి పోతాడు.

"అమ్మా, నిరుడు గివే కదా, మంచిగ కాలినయ్. ఇయ్యాల మూడుసార్లు ముట్టించిన, మూడుసార్లు ఆరింది. ఆమెకు నా మీద కోపమేమో అని పరేషానైన," అన్నాడు.

ఆయన వెనకే ఇంకొకామె. ఆమె వెనక ఇంకొకరు. తోటలోకి తిరిగి చూస్తే, ఇందాక వెలుగుతున్న చోట్ల నల్లటి ఖాళీలు కనబడుతున్నాయి.

కామేశ్వరి గారు ఆ ముక్క అందుకున్నారు. నల్లద్దాలు తియ్యకుండా, బొటనవేలితో వత్తి పక్కన నొక్కారు. వేలు లోపలికి దిగింది. పెన్సిలు చెక్కే చాకుతో దాన్ని నిలువునా చీల్చి బల్ల మీద పెట్టారు. నడిమధ్య పొడుగాటి డొల్ల.

"పైన పటారం, లోన లొటారం," అన్నారు మెల్లగా. తర్వాత నా వైపు తిరిగి, "సాక్షి అడుగుదాకా కాలిందన్నావు కదూ?"

ఆ డొల్ల వైపే చూస్తూ అన్నాను. "లేదు మేడం. సగంల ఆరింది. నేనే... చెప్పలే."

కేకలేస్తారనుకున్నాను. వేసినా బాగుండేది. ఆవిడ ముసలాయనకి చేతులు జోడించి, "ఆమెకి మీ మీద కోపం ఏవీ లేదు బాబూ. తప్పు మాది, కొవ్వొత్తిలో ఉంది," అన్నారు. నన్ను ఆటోలో ఇంటికి పంపి, నిరుటి పోతలో మిగిలిన పెట్టెలు తెప్పించారు. నేను దించగానే, "పద. ప్రతి గోరీ దగ్గరకీ వెళ్ళి మార్చు. ఎందుకు మారుస్తున్నావో నీ నోటితో చెప్పు," అన్నారు.

"నేనా మేడం?"

"పోసింది నువ్వే కదా."

మొదటి కుటుంబం దగ్గర మాట బయటికి రావడానికి చెమటలు పట్టాయి. "ఇవి నేనే పోసిన. మంచిగ పొయ్యలే. ఇవి తీసుకోండ్రి," అన్నాను నేల చూస్తూ. ఒకామె తిట్టింది, "చచ్చినోళ్ళకు పెట్టేవాట్ల గూడ కల్తీనా," అని. ఒకాయన పర్వాలేదు బిడ్డా అన్నాడు. ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. పదో గోరీకి తలెత్తగలిగాను. ముప్పయ్యో దానికి మాట తడబడకుండా వచ్చింది. ఎన్ని గోరీలు తిరిగానో లెక్కపెట్టలేదు. చివరికి ముసలాయన దగ్గరికి వెళ్ళి ఆయన భార్య గోరీ మీద నా చేత్తోనే వెలిగించి, అది నిలదొక్కుకునేదాకా పక్కన కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ఆయన, నేనూ నా వాళ్ళెవరి కోసమో ఏడుస్తున్నాననుకున్నట్టున్నాడు.

తిరిగి వస్తూ ఆటోలో, కామేశ్వరి గారికి నాయన సంగతి చెప్పేశాను. ఆపుకుందామన్నా ఆగలేదు. అప్పటికి నోరు అలవాటు పడిపోయినట్టుంది.

ఆవిడ అంతా విన్నారు. నారాయణగూడ చౌరస్తా దాటాక, "పెచ్చు ఎంత గట్టిపడితే అంత గట్టిగా పొడవాలి. రేపే వెళ్ళు," అన్నారు.

వెళ్ళాను. ఊరి చివర, నాలుగో అంతస్తులో నాయన గోడకు ప్లాస్టరు చేస్తున్నాడు. చెప్పాను. ఆయన చేతిలో తాపీ ఆగింది. "అందరికి చెప్పుకున్న గద బిడ్డా," అన్నాడు. అంతే. మళ్ళీ గోడ వైపు తిరిగి పని చేసుకున్నాడు. నేను ఇసుక కుప్ప మీద కూర్చున్నాను. మధ్యాహ్నం పనివాళ్ళంతా అన్నాలకు కూర్చుంటే, ఆయన టిఫిన్ డబ్బా మూత తీస్తూ, అందరూ వినేలా అన్నాడు. "మా బిడ్డ పాస్ గాలే. గప్పుడు భయపడి చెప్పలేదట. ఇయ్యాల ఒచ్చి చెప్పింది." తల వంచుకునే డబ్బాని నా వైపు జరిపాడు. ఆ అన్నం ముద్ద మింగడానికి నేను పడ్డ కష్టం ఏ పరీక్షకూ పడలేదు.

గ్రూప్స్ మళ్ళీ రాయలేదు. కామేశ్వరి గారే పాత స్టూడెంటు ఒకరికి ఫోన్ చేసి, మందుల కంపెనీలో పరీక్షల పని ఉందని చెప్పి పంపారు. ప్రతి బ్యాచిలోంచీ కొన్ని మాత్రలు తీసి, కరిగించి, కొలిచి, పనికొస్తుందో రాదో రాసి సంతకం పెట్టడం నా పని. మొదటి రోజు వచ్చి వివరిస్తే, "ఇంతకీ సాక్షి చూసే పనే కదా," అన్నారు. అని వెంటనే లేచి లోపలికి వెళ్ళిపోయారు. నాకు అర్థమైంది. ఆ తర్వాత రెండేళ్ళు పోత నన్ను పోయనిచ్చారు గానీ, సాక్షిని మాత్రం ఆవిడే చూసుకున్నారు. నేనూ అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?

పోయే ముందు ఏడు ఆవిడ చూపు మళ్ళీ మందగించింది. ఈసారి ఆపరేషనుతో బాగయ్యేది కాదన్నారు. అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున, ఆవిడ చేత్తోనే తడుముకుంటూ రెండో పోత పోశారు. నేను పక్కనే ఉన్నాను. మర్నాడు సాక్షిని తెచ్చి నా చేతిలో పెట్టి, "చూడు," అన్నారు.

సెలవు పెట్టి గట్టు మీద కూర్చున్నాను. పుస్తకం తెచ్చుకోలేదు. మూడొంతులు కాలేదాకా చక్కగా కాలింది. నా ప్రాణం కుదుటపడింది. ఇంతలో మైనం లోపలికి జారింది. మంట ఒరిగింది, ఆరింది. పొగ లేచింది. ఆ పోత ఆవిడది. బహుశా ఆవిడ చివరి పోత. ఆ కొద్ది ముక్కా కాలిందని చెబితే ఎవరికి నష్టం అని మనసు ఒక్కసారి గుంజింది. గోరీల దగ్గరి ముసలాయన గుర్తొచ్చాడు.

వరండాలోకి వెళ్ళాను. అడుగుల చప్పుడు విని ఆవిడ తలెత్తారు. "సాక్షి ఏమంది శోభా?"

"మూడొంతులు కాలి ఆరింది మేడం. లోన డొల్ల పడింది. అన్ని కరగబెట్టాలె."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, పెద్దగా ఊపిరి వదిలి, "అమ్మయ్య!" అన్నారు. చెయ్యి చాపి నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నారు. "ఇక నాకు కళ్ళు లేకపోయినా ఫరవాలేదు. పద, గిన్నె పెట్టు."

ఆ పూట అన్నీ కరిగించి ఇద్దరం మళ్ళీ పోశాం. ఆవిడ పోయి ఇప్పటికి మూడేళ్ళు. సమాధుల తోట బయట ఇప్పుడు ఎవరో వేరే వాళ్ళు బల్ల వేస్తున్నారు. ఆనాడు సమాధుల తోట బయట ఆవిడ చాకుతో చీల్చిన సగం కొవ్వొత్తి ముక్క నా ల్యాబు టేబులు సొరుగులో ఉంది, వేసవికి కాస్త వంగింది. అప్పుడప్పుడూ ఒక బ్యాచి పనికిరాదని తేలుతుంది. పైవాళ్ళు వచ్చి, ఇంకోసారి చూడండి మేడం, మీరు పొరపడి ఉంటారు అంటారు. ఇంకోసారి చూస్తాను. అదే తేలుతుంది. ఫెయిల్ అని రాసేముందు ఇప్పటికీ ఆ సొరుగు ఒకసారి తెరిచి చూస్తాను. అప్పుడు చిక్కడపల్లి వరండాలోంచి ఆ "అమ్మయ్య" వినిపిస్తుంది. రాసి, సంతకం పెట్టేస్తాను.